‘వద్దు’ అన్న మర్నాడు ఏం జరుగుతుంది?

ప్రశ్న: నేను డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. సమాఖ్య వ్యవస్థ పాఠంలో "జాతుల మధ్య ఘర్షణలున్న దేశాల్లో సమాఖ్య విధానం శాంతికి తోడ్పడుతుంది" అని ఒక్క వాక్యం ఉంది. అది చదవగానే ఒక కుర్రాడు లేచి, "ఒకరినొకరు చంపుకున్నవాళ్లకు వేరే రాష్ట్రాలు, వేరే ప్రభుత్వాలు ఇస్తే దేశం ముక్కలు కావడానికి అదే మొదటి మెట్టు కాదా మేడమ్?" అని అడిగాడు. సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఏదైనా ఒక దేశాన్ని తీసుకుని రెండు పీరియడ్లలో విడమరిచి చెప్పాలనుకుంటున్నాను. ఏ దేశం తీసుకోవాలి? అందులో ఏమేం చూడమంటారు?
— ఒక అధ్యాపకురాలు, విజయనగరం జిల్లా

సమాధానం: మేడమ్ గారికి నమస్కారం. మీ విద్యార్థి అడిగినది పాఠ్యపుస్తకంలోని వాక్యం కంటే విలువైన ప్రశ్న. దానికి అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పేస్తే తప్పవుతుంది. ఒకప్పటి యుగోస్లావియాలో భాగమైన బోస్నియా-హెర్జెగోవినా తీసుకోండి. దాని రాజ్యాంగంలో ఉన్నవి 12 అధికరణాలే, ఒక సాయంత్రం కూర్చుంటే మొత్తం చదివేయొచ్చు. పైగా యుద్ధాన్ని ఆపడంలో నెగ్గి, పాలన నడపడంలో పదేపదే బోల్తా పడిన రాజ్యాంగం అది. రెండూ ఒకే చోట కనిపిస్తాయి.

ముందు నేపథ్యం క్లుప్తంగా. 1991 జనాభా లెక్కల్లో బోస్నియా జనం దాదాపు 44 లక్షలు. అందులో బోస్నియాక్‌లు (అప్పటి లెక్కల్లో ముస్లింలు అని రాశారు) 43 శాతం పైచిలుకు, సెర్బులు 31, క్రోట్‌లు 17 శాతం. ఎవరికీ సగం లేదు. 1992 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంలో సుమారు లక్షమంది చనిపోయారు, జనంలో దాదాపు సగం మంది ఇల్లు వదిలి పోయారు. 1995 నవంబరులో అమెరికాలోని డేటన్ దగ్గర ఒక వైమానిక స్థావరంలో మూడు వారాలు మంతనాలు జరిగాయి. డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలయ్యాయి. రాజ్యాంగం ఆ శాంతి ఒప్పందానికి నాలుగో అనుబంధం. పిల్లలకు ఈ విషయం నొక్కి చెప్పండి. మన రాజ్యాంగంలా సభలో మూడేళ్లు చర్చించి రాసుకున్నది కాదు. తుపాకులు దించడానికి ముగ్గురూ ఏ షరతులు పెట్టారో ఆ షరతుల జాబితా. తరవాత వచ్చిన చిక్కులకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

ఒప్పందం దేశాన్ని రెండు ‘ఎంటిటీ’లు (మన రాష్ట్రాల్లాంటివి) చేసింది. 51 శాతం భూభాగం బోస్నియాక్‌లు, క్రోట్‌లు కలిసి ఉండే ఫెడరేషన్‌కు, 49 శాతం సెర్బుల రిపబ్లికా సర్ప్‌స్కాకు. ఫెడరేషన్ లోపల మళ్లీ 10 క్యాంటన్లు, ప్రతిదానికీ సొంత శాసనసభ, సొంత మంత్రులు. ఆ తరవాత బర్చ్‌కో అనే ప్రత్యేక జిల్లా చేరింది. కేంద్రంతో కలిపి లెక్కేస్తే 14 ప్రభుత్వాలు. దేశాధ్యక్షుడి స్థానంలో ముగ్గురుంటారు: ఒక బోస్నియాక్, ఒక క్రోట్, ఒక సెర్బ్. అధ్యక్ష పీఠం ఎనిమిది నెలలకొకసారి చేతులు మారుతుంది.

ఇక పాఠం మాటల్లో కాకుండా తరగతి గదిలో నడిపించండి. పార్లమెంటు ఎగువసభలో 15 మంది ఉంటారు, మూడు జాతులకూ ఐదుగురు చొప్పున. 15 మంది విద్యార్థులను మూడు బెంచీల్లో ఐదేసి మందిగా కూర్చోబెట్టండి. కోరం తొమ్మిది మంది, కానీ ప్రతి జాతి నుంచీ కనీసం ముగ్గురు ఉండి తీరాలి. ఇప్పుడు ఒక బెంచీలోంచి ముగ్గురిని లేచి వరండాలోకి వెళ్లమనండి. గదిలో ఇంకా 12 మంది ఉన్నారు, సభ మాత్రం లేదు. ఒక్క ఓటు వేయకుండా, ఒక్క కారణం చెప్పకుండా ముగ్గురు మనుషులు దేశపు పార్లమెంటును ఆపేశారు. పుస్తకంలో పది పేజీలు చదివినా ఎక్కనిది పిల్లలకు ఆ ఖాళీ బెంచీ చూస్తే ఎక్కుతుంది.

తరవాత దిగువసభ. 42 చీటీలు చేయించండి, 28 ఒక రంగు (ఫెడరేషన్), 14 ఇంకో రంగు (రిపబ్లికా సర్ప్‌స్కా). బిల్లు నెగ్గాలంటే మామూలు మెజారిటీ ఒక్కటే చాలదు. రెండు ఎంటిటీల నుంచీ కనీసం మూడోవంతు చొప్పున ఓట్లు పడాలి. అలా పడకపోతే సభాపతి, ఉపసభాపతులు మూడు రోజుల్లో రాజీ కుదర్చడానికి చూస్తారు. కుదరకపోతే మళ్లీ ఓటింగు. అప్పుడు ఏదో ఒక ఎంటిటీలో మూడింట రెండు వంతుల మంది వ్యతిరేకిస్తే బిల్లు పోయినట్టే. లెక్క కట్టించండి. అందరూ హాజరయ్యారనుకుంటే 32 మంది అవునన్నా, సర్ప్‌స్కా నుంచి పదిమంది కాదంటే బిల్లు పడిపోతుంది. దీన్నే ఎంటిటీ ఓటింగ్ అంటారు.

ఇక్కడ కాసేపు ఆగండి, అసలు విషయం ఇక్కడుంది. ఇదే రాజ్యాంగంలో ఇంకో వీటో కూడా ఉంది. ఎగువసభలో ఏ జాతి ప్రతినిధులైనా ఐదుగురిలో ముగ్గురు "ఈ బిల్లు మా జాతి కీలక ప్రయోజనానికి దెబ్బ" అని ప్రకటించవచ్చు. అప్పుడు బిల్లు మూడు జాతుల ప్రతినిధుల్లోనూ విడివిడిగా మెజారిటీ తెచ్చుకోవాలి. ఆ ప్రకటనను ఇంకో జాతివాళ్లు అభ్యంతరపెడితే ముగ్గురు సభ్యుల కమిషన్ కూర్చుంటుంది. దానికి గడువు ఐదు రోజులు. అక్కడా తేలకపోతే రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాలి. అంటే ఈ రెండో వీటో వాడాలంటే నోరు తెరిచి కారణం చెప్పాలి, ఆ మాట న్యాయమూర్తుల ముందు పరీక్షకు నిలబడాలి. మొదటిదానికి ఆ బాధ లేదు. చెయ్యెత్తితే చాలు. మరి ఆచరణలో ఏది ఎక్కువ వాడారు? బిల్లులు ఎక్కువగా చచ్చింది ఎంటిటీ ఓటింగ్‌లోనే. కీలక ప్రయోజనం వీటో దాకా వెళ్లినవి చాలా తక్కువ.

మనుషుల స్వభావం కంటే నిబంధన రాసిన తీరే ఇక్కడ ఎక్కువ పని చేసిందని నా గట్టి నమ్మకం. చిన్న జాతికి వీటో ఇవ్వడం తప్పు కాదు, అది లేకపోతే 1995లో ఎవరూ సంతకం పెట్టేవారు కాదు. కారణం చెప్పనక్కర్లేని, తీర్పరి లేని వీటో ఇవ్వడమే తప్పు. ఏ దేశపు సమాఖ్య ఒప్పందం చేతికొచ్చినా, రాష్ట్రాల సరిహద్దులు ఎలా గీశారన్నది తరవాత చూడొచ్చు. ఒక పక్షం ‘వద్దు’ అన్న మర్నాడు ఏం జరుగుతుందో ఆ కాగితంలో రాసి ఉందా అని ముందు వెతకమని పిల్లలకు చెప్పండి.

ఆ మర్నాటి సంగతి రాసి లేకపోతే ఏమవుతుందో 2013లో రాజధాని సారయేవో చూసింది. బోస్నియాలో పుట్టిన ప్రతి బిడ్డకూ 13 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తారు. మన ఆధార్ లాంటిదే అనుకోండి, పాస్‌పోర్టుకైనా ఆరోగ్య బీమా కార్డుకైనా అదే ఆధారం. ఆ చట్టంలో నమోదు ప్రాంతాల జాబితా పాతబడిందని, సరిచేయమని రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. ప్రాంతాల హద్దులు ఎంటిటీల హద్దుతో కలవాలని సెర్బ్ పార్టీలు పట్టుబట్టాయి, మిగతావాళ్లు ఒప్పుకోలేదు. గడువు దాటింది, ఆ నిబంధన చెల్లకుండా పోయింది. 2013 ఫిబ్రవరి నుంచి పుట్టిన పిల్లలకు నంబరు లేదు. వైద్యం కోసం వేరే దేశం తీసుకెళ్లాల్సిన ఒక పసిబిడ్డకు నంబరు లేక పాస్‌పోర్టు రాలేదు. జూన్‌లో తల్లులు ఉయ్యాల బళ్లతో సహా వచ్చి పార్లమెంటు చుట్టూ నిలబడ్డారు. వాళ్లలో మూడు జాతులవాళ్లూ ఉన్నారు. చట్టం ఆ ఏడాది చివర్లో గానీ రాలేదు. ఆ పసిబిడ్డల విషయంలో జాతి ప్రయోజనం ఏముందని అడిగితే జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ లేకపోయింది, ఎందుకంటే అడిగే వేదికే ఆ నిబంధనలో లేదు.

మోస్తార్ నగరం కథా ఇలాంటిదే. నగర కౌన్సిల్ ఎన్నిక నియమాలను 2010లో న్యాయస్థానం కొట్టేసింది, పార్టీలు కొత్తవి రాసుకోలేకపోయాయి. 2008 తరవాత 2020 డిసెంబరు దాకా ఆ ఊళ్లో స్థానిక ఎన్నికల్లేవు. అదీ ఒక పౌరురాలు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్లి 2019లో గెలిచాకే కదిలింది.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే పిల్లలు "ఫెడరలిజం పనికిరాదు" అని రాసేసుకుంటారు. రెండో పీరియడ్ పనిచేసినవాటితో మొదలుపెట్టండి.

మొదటిది సైన్యం. యుద్ధం ఆగిన పదేళ్ల దాకా రెండు ఎంటిటీలకూ వేరే సైన్యాలు, వేరే రక్షణ మంత్రులు ఉన్నారు. 2006 జనవరి 1 నుంచి ఒకే సైన్యం. దాన్ని కలిపిన పద్ధతి చూడండి. మూడు జాతుల సైనిక సంప్రదాయాలు, గుర్తులు, స్మారక దినాలు మూడు పదాతి రెజిమెంట్ల పేరుతో అలాగే ఉంచారు. యుద్ధరంగానికి కదిలే బ్రిగేడ్లలో మాత్రం ఒక్కో రెజిమెంట్ నుంచి ఒక్కో బెటాలియన్ వేసి కలిపారు. గౌరవం విడిగా ఉంది, తుపాకీ ఉమ్మడిగా ఉంది. పోలీసుల విషయంలో ఇదే పని చేద్దామని 2004 నుంచి ఏళ్లపాటు పెనుగులాడారు గానీ, పోలీసులు ఎంటిటీల, క్యాంటన్ల చేతుల్లోనే ఉండిపోయారు.

రెండోది పన్ను. మొదట్లో రెండు ఎంటిటీలకూ వేరే అమ్మకం పన్ను ఉండేది. సరుకు ఎంటిటీల హద్దు దాటినట్టు కాగితం మీద చూపించి రెండుచోట్లా పన్ను ఎగ్గొట్టడం పెద్ద వ్యాపారమైంది. 2006 జనవరి 1న దేశమంతటా 17 శాతం ఒకే వ్యాట్ తెచ్చారు. వసూలైనదంతా ఒకే ఖాతాలో పడుతుంది. అందులోంచి ముందు కేంద్రం బడ్జెట్‌కు పోతుంది, మిగిలినది ఎక్కడ ఎంత సరుకు చివరి వాడకందారుకు అమ్ముడైందన్న లెక్క ప్రకారం ఎంటిటీలకు పంచుతారు. వాటాల మీద తగాదాలు వచ్చాయి, ఇంకా వస్తాయి. కానీ ఖాతా మూసేయడం ఎవరికీ తేలిక కాదు, ఎందుకంటే రెండు వైపులా జీతాలు అందులోంచే వెళతాయి. ఆ పన్ను సంస్థ ప్రధాన కార్యాలయాన్ని సర్ప్‌స్కాలోని బాన్యా లూకాలో పెట్టడం కూడా తెలివైన పని. కేంద్రం అంటే సారయేవో ఒక్కటే అన్న అనుమానం దాంతో కొంత తగ్గింది.

మూడోది బర్చ్‌కో. ఈ పట్టణం సర్ప్‌స్కా రెండు భాగాలను కలిపే ఇరుకైన దారి మీద ఉంది, అందుకే డేటన్‌లో ఎవరికీ ఇవ్వలేక తీర్పు వాయిదా వేశారు. 1999 మార్చిలో మధ్యవర్తి ట్రిబ్యునల్ "ఇది రెండు ఎంటిటీలదీ, పాలన మాత్రం జిల్లా సొంతం" అని తేల్చింది. అక్కడ 2001 నుంచి మూడు జాతుల పిల్లలూ ఒకే తరగతి గదిలో ఉమ్మడి పాఠ్యప్రణాళికతో చదువుతున్నారు. ఫెడరేషన్‌లో అయితే కొన్ని క్యాంటన్లలో ‘ఒకే కప్పు కింద రెండు బడులు’ అనే పద్ధతి నడిచింది: ఒకే భవనం, బోస్నియాక్ పిల్లలకూ క్రోట్ పిల్లలకూ వేరే పాఠాలు, చాలాచోట్ల వేరే గుమ్మాలు కూడా. ఒకే దేశం, ఒకే యుద్ధం చూసిన జనం, ఫలితం మాత్రం వేరు. బర్చ్‌కోలో తీర్పు చెప్పేవాడు ఉన్నాడు, ఆ తీర్పు అమలయ్యేదాకా అక్కడే కూర్చున్న అంతర్జాతీయ పర్యవేక్షకుడూ ఉన్నాడు.

ఇలా బయటివాడు వచ్చి కూర్చోవడం గురించి మాత్రం జాగ్రత్తగా చెప్పండి. ఒప్పందం అమలు చూడటానికి అంతర్జాతీయ సమాజం నియమించే హై రిప్రజెంటేటివ్‌కు 1997 డిసెంబరులో బాన్ సమావేశం పెద్ద అధికారాలిచ్చింది. చట్టాలను తనే ప్రకటించవచ్చు, ఎన్నికైన నాయకులను తొలగించవచ్చు. దేశపు జెండా అలా వచ్చిందే. అది అవసరమైన మందే గానీ, అలవాటైపోయింది. కష్టమైన నిర్ణయం ఎలాగూ ఆయనే తీసుకుంటాడని తెలిశాక, ఓటర్ల ముందు మెతకబడి రాజీపడే పని ఏ పార్టీకీ లేకుండా పోయింది. తీర్పరి ఉండాలి, అయితే ఆ దేశం నేలలోంచి మొలవాలి. రాజ్యాంగ న్యాయస్థానంలో తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ముగ్గురిని యూరప్ మానవహక్కుల న్యాయస్థానం అధ్యక్షుడు బయటి దేశాలనుంచి నియమించే ఏర్పాటు కాస్త మేలు. అక్కడ బయటివాళ్లు మైనారిటీలోనే ఉంటారు, స్థానికులతో కలిసి తీర్పు రాస్తారు.

ఒక అన్యాయాన్ని దాటవేయకండి. మూడు జాతులకు పదవులు పంచినప్పుడు ఆ మూడింటిలో లేనివాళ్ల గతేమిటి? రోమా జాతికి చెందిన డెర్వో సెయ్‌దిచ్, యూదుడైన యాకబ్ ఫించి అధ్యక్ష పదవికీ ఎగువసభకూ పోటీ చేయడానికి వీల్లేదంది రాజ్యాంగం. 2009 డిసెంబరులో యూరప్ మానవహక్కుల న్యాయస్థానం అది వివక్షేనని తేల్చింది. ఏళ్లు గడిచాయి, రాజ్యాంగం మారలేదు. మార్చడానికీ ఆ ఎంటిటీ ఓటింగే దాటాలి మరి. ఇంకొకటి: ఎంటిటీల గీత చాలావరకు యుద్ధం ఆగిన చోటే పడింది. 1995 జులైలో దాదాపు 8,000 మంది బోస్నియాక్ పురుషులను, కుర్రాళ్లను చంపిన స్రెబ్రెనిత్సా ఈ రోజు సర్ప్‌స్కాలో ఉంది. ఇళ్లు తిరిగి ఇప్పించే నిబంధన ఒప్పందంలో ఉంది, అది బాగా అమలైంది కూడా. కానీ ఇల్లు తిరిగొచ్చినా చాలామంది దాన్ని అమ్ముకుని తమవాళ్లున్న చోటికే పోయారు. తలుపు తాళం చేతికిచ్చినంత మాత్రాన పక్కింటివాడంటే భయం పోదు.

మిగతా దేశాలకు ఎక్కువ సమయం కేటాయించకండి, ఒక్కో దాన్నుంచి ఒక్క విషయం చాలు. శ్రీలంకలో 1987 నాటి 13వ సవరణ రాష్ట్ర మండళ్లకు పోలీసు, భూమి అధికారాలు కాగితం మీద ఇచ్చింది, చేతికి ఇవ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వనట్టు అన్నమాట. ఉత్తర రాష్ట్రానికి విడిగా మండలి ఎన్నిక 2013లో గానీ జరగలేదు. నేపాల్ 2015 రాజ్యాంగంతో 7 ప్రదేశ్‌లు, 753 స్థానిక ప్రభుత్వాలు ఏర్పరచుకుంది. వ్యాట్‌లో 70 శాతం కేంద్రానికి, 15 ప్రదేశ్‌లకు, 15 స్థానిక సంస్థలకు అని చట్టంలో స్పష్టంగా రాసుకుంది, అది మెచ్చుకోవాలి. కానీ మన కలెక్టర్ లాంటి ప్రముఖ జిల్లా అధికారి కేంద్ర హోం శాఖ కిందే ఉండిపోయాడు కాబట్టి జిల్లాలో ఎవరి మాట చెల్లుతుందో జనానికి తెలిసిందే. ఇథియోపియా ఇంకో కొసకు పోయింది. 1995లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 39వ అధికరణంలో ప్రతి జాతికీ విడిపోయే హక్కు రాసింది, ప్రాంతాలు సొంత సాయుధ దళాలు పెంచుకున్నాయి. 2020లో టిగ్రాయ్ యుద్ధం మొదలయ్యేసరికి రెండు వైపులా సైన్యాలు సిద్ధంగా ఉన్నాయి.

మన పిల్లలకు దగ్గరి పోలిక కావాలంటే 1956 పెద్దమనుషుల ఒప్పందం ఉంది. మనది యుద్ధం తర్వాతి సమాజం కాదు, పోలిక ఒక్క విషయానికే: హామీలు ఇచ్చారు గానీ, అవి తప్పితే కోర్టులో నిలదీసే రూపం వాటికి లేదు. తెలంగాణ మిగులు నిధుల లెక్క తేల్చడానికి 1969లో భార్గవ కమిటీ వేయాల్సి వచ్చింది. ఆరు సూత్రాల తరవాత వచ్చిన 371-డి అధికరణం, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ఉద్యోగాల్లో స్థానికతకు కోర్టులో వాదించుకోగల రూపం ఇచ్చాయి. లోకల్, నాన్‌లోకల్ అంటే ఏమిటో మీ విద్యార్థుల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు కాబట్టి ఇది చటుక్కున అందుకుంటారు.

ఇక ఆ కుర్రాడికి జవాబు. వేరే ప్రభుత్వాలు ఇవ్వడం దేశం ముక్కలు కావడానికి మొదటి మెట్టు అవుతుందా? భూమి, తుపాకీ, ఖజానా మూడూ ఒకే గీత మీద విడిపోతే అవుతుంది. భూమి విడిగా ఉండి, తుపాకీ, ఖజానా ఉమ్మడిగా ఉంటే సాధారణంగా కాదు. బోస్నియా ఎన్ని ఇబ్బందులు పడినా 1995 తరవాత మళ్లీ యుద్ధంలోకి జారలేదు, 2006లో ఆ రెండూ ఉమ్మడి అయ్యాయన్నది అందులో పెద్ద కారణమని చెప్పండి.

పీరియడ్ చివర ఐదు నిమిషాలు మిగిలితే బోర్డు మీద ఇంగ్లిషు పెద్ద అక్షరాలు ఏడు రాయండి: ఎ, ఇ, జె, కె, ఎం, ఓ, టి. యుద్ధం అయ్యాక బోస్నియాలో కారు నంబరు పలక చూస్తే చాలు, అది ఎవరి ప్రాంతపు బండో తెలిసిపోయేది. గీత దాటి అవతలికి బండి తీసుకెళ్లడానికి జనం వణికేవారు. 1998లో హై రిప్రజెంటేటివ్ కార్యాలయం దేశమంతటికీ ఒకే పలక తెచ్చింది, ఊరి పేరు లేదు, ప్రాంతం గుర్తు లేదు. సెర్బులు రాసే సిరిలిక్ లిపిలోనూ మిగతావాళ్ల లాటిన్ లిపిలోనూ ఒకేలా కనిపించి, ఒకేలా పలికే అక్షరాలు ఏవని వెతికితే ఈ ఏడు దొరికాయి. ఆ పలకలు వచ్చాక గీత దాటే బళ్లు పెరిగాయి. ఈ ఏడే ఎందుకో ముందు మీరు చెప్పకండి, పిల్లలనే ఊహించనివ్వండి.